ఎనిమిదో జత స్కీలు

మామయ్యా,

పొయ్యి మీద క్యాబేజీ సూప్ ఉంది, వేడి చేసుకుని తినండి. మాత్ర తిన్నాకే వేసుకోవాలి. కట్టెలు మాత్రం మోయొద్దు, మీ మోకాలికి ఆపరేషనై ఆరు వారాలేగా అయింది.

ఎప్పుడూ స్కీయింగ్‌కి వెళ్లే మంచుకొండకే వెళ్తూ, గులాష్ కూర వండే మీ కాగు పట్టుకెళ్తున్నాం. మంట పెట్టుకోవడానికి నేషనల్ పార్కువాళ్లిచ్చిన కాగితం కూడా తీసుకున్నాను, అందులో ఎప్పటిలాగే మీ పేరే ఉంది. ఈసారి వంట మీ చిన్నబ్బాయి పావోల్‌ది. మాంసం ఎంతో ఉల్లిపాయలూ అంతే పడాలంటే, "అంతెందుకు వదినా, సగం చాలదూ?" అంటున్నాడు. ఇదీ మా గతి.

ఒక మాట ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. "మామయ్య రానన్నారు" అని అందరికీ ఫోన్లో చెప్పింది నేనే. మిమ్మల్ని అసలు అడగనే లేదు. వస్తే ఆ మోకాలితోనే మీరు స్కీలేసుకుని కొండెక్కేస్తారని భయం. అదీ సగం నిజమే. మీకు తోడుగా ఎవరో ఒకరు కింద ఆగిపోవాలి, ఆ ఒకరు నేనే అవుతానని కూడా.

పొద్దున షెడ్డులోకి వెళ్తే, మీరు మైనం పట్టించిన స్కీలు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. ఎనిమిది జతలు. మేం వెళ్లేది ఏడుగురం. నాకు తల కొట్టేసినట్టయింది.

జర్మిలా

తా.క. సూప్ సంగతి వదిలేయండి. ఎర్ర మిరపపొడి డబ్బా బల్ల మీద ఉంది. మరిచిపోయి కాదు, కావాలనే పెట్టాను. అది లేనిదే గులాష్ కాదు. పదింటికి పక్కింటి యురాయ్ కారు తెస్తాడు. మంట పెట్టే చోటు రోడ్డు పక్కనే. కింద మీతో నేనుంటాను. డబ్బా ఒక్కటే పంపారో, ముద్ద ముట్టను.