మూడో బొమ్మ

నరసన్నపేట,
12 జులై 2014

ప్రియమైన నాన్నకి,

ప్రభువు పేరిట వందనాలు. ఫోను చేస్తే "ఆఁ, ఆఁ" అని అమ్మ చేతికిచ్చేస్తావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. జూట్ మిల్లు నీ చెవులు తీసుకుంది గాని కళ్ళ జోలికి రాలేదు. అంతవరకూ మన అదృష్టం.

నా పరిశోధన మొదలైంది. పేటకి దగ్గర్లో ఒక ఊరి అంగన్‌వాడీలో నాలుగైదేళ్ళ పిల్లలకి ఎన్ని మాటలు తెలుసో చూడాలి. దానికో బొమ్మల పుస్తకం ఉంది, పేజీకి నాలుగు బొమ్మలు. నేనొక మాట చెప్తాను, పిల్లలు దాని బొమ్మ మీద వేలు పెట్టాలి. మాట ఒక్కసారే చెప్పాలి. వివరించకూడదు, నవ్వకూడదు, తల కూడా ఊపకూడదు. ఆ మాటలేమిటో బయట చెప్పకూడదు, నీకు కూడా. పరిశోధకురాలు ముందు నేర్చుకోవలసింది నోరు అదుపులో పెట్టుకోవడమని మా గైడు పద్మజ మేడం అంటారు. నా నోటి సంగతి నీకు తెలుసు కదా.

పిల్లలు బంగారాలు. కాని ఒక పేజీ దగ్గరికి రాగానే అందరికందరూ రెండో బొమ్మ వదిలేసి మూడోది చూపించి కిసుక్కుమంటున్నారు. కుమారి అనే పిల్లయితే పుస్తకం వంకే చూడలేదు. నా మొహంలోకి చూస్తూ తన గుండె మీద వేలు పెట్టుకుంది. "పరీక్ష అర్థం కాలేదు" అని రాసుకున్నాను. జాలేసింది గాని నియమం నియమమే.

అమ్మ పంపిన చేగోడీల్లో సగం అంగన్‌వాడీ టీచరు నారాయణమ్మగారి పాలయ్యాయి. మళ్ళీ పంపమను.

నీ కూతురు,
రూబీ

చీపురుపల్లి,
21 జులై

నా గుంటకి,

నాన్న దీవెనలు. నవ్వకుండా, తల ఊపకుండా కూర్చున్నావంటే నమ్మలేకపోయాను. మీ అమ్మకి చదివి వినిపిస్తే ఆవిడా నమ్మలేదు. చిన్నప్పుడే గుంటూరు హాస్టల్లో వేసినా రాని బుద్ధి ఈ పరిశోధనతో వచ్చిందన్నమాట.

పరీక్ష అంటే ఒకటి గుర్తొచ్చింది. మిల్లు మానేసిన ఏడాది నాకు చెవుల పరీక్ష చేశారు, నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. చెవులకి డిప్పలు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నాకేమీ వినపడలేదు. కాని అద్దంలో ఆ పరీక్ష చేసే అమ్మాయి చెయ్యి కనపడుతోంది. ఆ చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాను. ఫెయిలవడం నామోషీ కదా. చెవులు భేషుగ్గా ఉన్నాయని కాగితమిచ్చారు. ఆ కాగితం పట్టుకుని బస్టాండులో నడుస్తుంటే వెనకనుంచి బస్సు హారన్ కొడుతోందట. మీ అమ్మ రెక్క పట్టి లాగబట్టి బతికాను. నేను పాసయ్యాను, నా చెవులు ఫెయిలయ్యాయి.

రోజూ నీకోసం ప్రార్థన చేస్తున్నాం. నేను మరీ గట్టిగా చేస్తున్నానట, పక్కింటివాళ్ళు "ఆమెన్" అంటున్నారట.

మీ నాన్న,
సుందరరావు

నరసన్నపేట,
9 ఆగస్టు

ప్రియమైన నాన్నకి,

వందనాలు. నీ చెవుల పరీక్ష చదివి పడీపడీ నవ్వాను.

పిల్లల పరీక్షలు అయిపోయాయి. చదువు లేని ఇళ్ళ పిల్లలకి మాటలు తక్కువని నేను ముందే ఊహించి రాసుకున్నాను. ఫలితం అచ్చం అలాగే వచ్చింది. మేడం మెచ్చుకున్నారు. డిసెంబరులోగా థీసిస్ ఇచ్చేస్తే విజయనగరంలో ఒక కాలేజీలో పడబోయే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇంటినుంచే రోజూ వెళ్ళి రావచ్చు, నాన్నా.

సంతోషంగా ముగించాల్సిన ఉత్తరం ఇది. కాని నిన్న కుమారి వాళ్ళమ్మ బుల్లమ్మ వచ్చింది. పిల్ల వెనకబడిందని నారాయణమ్మగారు మాటల్లో అనేశారట. నేనే ఆవిడకి చెప్పాను, చెప్పి ఉండకూడదు. బుల్లమ్మ గుమ్మం దాటి లోపలికి కూడా రాలేదు.

"సదువెక్కని పిల్లని కూకోబెట్టడమెందుకు? రేపట్నుంచి అంపను. ఇంటికాడ తమ్ముడ్ని సూసుకుంటాది" అని కుమారిని చంకనేసుకుని వెళ్ళిపోయింది.

చెప్పడానికి నా దగ్గర మార్కులు తప్ప ఇంకేం లేవు. పరిశోధనకి వచ్చి ఒక పిల్లని బడి మాన్పించాను. మనసేం బాగాలేదు.

రూబీ

చీపురుపల్లి,
17 ఆగస్టు

నా గుంటకి,

దీవెనలు. ఉద్యోగం మాట వినగానే మీ అమ్మ నీ మంచం మీద దుప్పటి తీసి దులిపేసింది.

ఆ పిల్ల బుర్ర సంగతి నాకేం తెలుస్తుంది? కాని పుస్తకం గదిలో పెట్టి ఓసారి వాళ్ళింటికి వెళ్ళి రా. నా చెవుల సంగతి మీ అమ్మకి బస్టాండులోనే కదా తెలిసింది.

చేగోడీలు పంపుతున్నాం. టీచరుకి మీ అమ్మ వేరే పొట్లం కట్టింది.

మీ నాన్న

నరసన్నపేట,
30 ఆగస్టు

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం విప్పి మొదటి వరుస దగ్గరే ఆగిపోయాను. "నా గుంటకి" అని నువ్వెప్పుడూ రాసేదే, ఈసారి తట్టింది. నియమం తప్పి చెప్తున్నాను, ఆ పేజీలో నేను అడిగిన మాట అదే. "గుంట ఏది?"

పుస్తకం తయారుచేసినవాళ్ళ వైపు గుంటంటే గొయ్యి. రెండో బొమ్మ గొయ్యి. మూడో బొమ్మ రెండు జడల ఆడపిల్ల. మన వైపు గుంటంటే ఆడపిల్లని నాకొకరు చెప్పాలా? పుట్టినప్పటినుంచీ ఆ పిలుపుకి పలికినదాన్ని. అయినా పుస్తకం చేతికి రాగానే హాస్టల్ తెలుగు తలకెక్కింది. గుంట ఏదంటే నేనేనని తన గుండె మీద వేలు పెట్టి చూపించిన పిల్లకి సున్నా వేశాను. ఆడలేక మద్దెల ఓడంటారు. ఇక్కడ పిల్ల చక్కగా ఆడింది, మద్దెలే ఓడు.

బుల్లమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో ఉండగానే లోపలినుంచి కేక వినపడింది: "ఒసే గుంటా, ఎవులొచ్చారో సూడు." కుమారి పరిగెత్తుకొచ్చింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. తప్పు పిల్లది కాదు, నాదని బుల్లమ్మకి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే మా గుంట పాసయినట్టేనేటి?"

పాసయింది, నేనే తప్పాను అన్నాను. సోమవారం నుంచి కుమారి మళ్ళీ వస్తోంది.

ఈ ఫలితాలు చెల్లవంటే, ఒక్క మాట కోసం మొత్తం కొట్టేస్తావా అని మేడం కోప్పడ్డారు. ఒక్కటి కాదని చూపించాను. సొరకాయ అంటే తెల్లమొహం వేసిన పిల్లలు ఆనపకాయ అనగానే చటుక్కున వేలు పెట్టారు. రాగులు తెలియనివాళ్ళకి చోళ్ళు తెలుసు. మేడం నా కాగితాలు తీసుకుని ఒక్కో మాటా సరిచూశారు. చివరికి, ముందు ఆ ఊరి మాటలు ఏరుకుని మళ్ళీ మొదటినుంచి చెయ్యమన్నారు.

కాబట్టి డిసెంబరుకి అవదు. విజయనగరం ఉద్యోగం ఇంకెవరికో వెళ్తుంది. బాధ లేదని అబద్ధం ఆడను. దుప్పటి మళ్ళీ కప్పమని అమ్మకి నువ్వే మెల్లగా చెప్పు. మెల్లగా అంటే నీ మెల్లగా కాదు, మామూలు మనుషుల మెల్లగా.

కాని నాన్నా, పొద్దున్నే అంగన్‌వాడీకి హుషారుగా వెళ్తున్నాను. ఇప్పుడు పరీక్ష పెట్టేది కుమారి. ఏదో ఒకటి తెచ్చి నా ముందు పెట్టి "ఇదేటి?" అంటుంది. నేను పుస్తకం మాట చెప్తే తల అడ్డంగా ఊపుతుంది, పైగా నవ్వుతుంది కూడా. దానికింకా నియమాలు తెలియవు.

ప్రేమతో,
నీ గుంట,
రెండో బొమ్మ కాదు, మూడోది