వానొస్తే షెడ్డులోకి

జూన్ 9

బిగ్ పైన్ ట్రైలర్ల దుకాణం సర్వీసు మేనేజరు డ్వైట్ లుండీన్ గారికి,

ఈ ఉదయం మా మంచం మీద వాన కురిసింది. మేమేమీ ఆరుబయట పడుకోలేదు. మొన్న మీ దగ్గర కొన్న కొత్త ట్రైలర్‌లో, తలుపు గడియ పెట్టుకుని మరీ పడుకున్నాం. ముందు మా వాకిట్లోనే ఒక రాత్రి పడుకుని చూద్దామంటే మా ఆయన ఆర్వల్, "ఇంటి ముందు పడుకోవడానికా చక్రాలున్న ఇల్లు కొన్నది?" అని సణిగాడు. తెల్లారేసరికి ఆయన చెవిలో నీళ్లు. ఫోటో జతచేశాను.

పెళ్లయిన కొత్తలో మేం సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒక కారే గుడారంలో వారం గడిపాం. ఈ సెప్టెంబరు ఆఖరున, పెళ్లిరోజుకి, మళ్లీ అక్కడికే వెళ్లి ఈసారి పొడిగా పడుకోవాలని మా కోరిక. ఆర్వల్ మోకాళ్లు ఇక నేల మీద పడుకోనివ్వవు. అక్టోబరు రాగానే చలికి అక్కడ కుళాయిలు కట్టేసి గేటు మూసేస్తారు. ట్రైలర్‌ను రేపే తెచ్చి అప్పజెబుతాం. త్వరగా బాగుచేయించగలరు.

మర్యాదతో,
వెర్నా టెష్

తా.క. ఫోన్ చేస్తే మీవాళ్లు పాట పెట్టి వెళ్లిపోతున్నారు. ఆ పాట నాకిప్పుడు నోటికొచ్చేసింది. అందుకే ఉత్తరం.

జూన్ 20

శ్రీమతి టెష్ గారికి,

మీ ఉత్తరం చదివి మా సిబ్బంది యావత్తూ చలించిపోయాం. వారంటీ కింద పైకప్పు విప్పాలంటే తయారుచేసిన కర్మాగారం అనుమతి కావాలి. అనుమతి రావాలంటే వాననీరు లోపలికి కారుతుండగా, మా ఆవరణలోనే తీసిన ఫోటో పంపాలి. వాన పడగానే ఆ పని మీదే ఉంటాం.

మీ సేవలో,
డ్వైట్ లుండీన్

తా.క. కొన్నవారు ఇంటి దగ్గర తీసిన ఫోటోలు చెల్లవు. మీరు జతచేసిన దాంట్లో నీటిచుక్క కనబడలేదు కానీ, ఆర్వల్ గారి ముఖం చాలా స్పష్టంగా ఉంది.

జూలై 15

డ్వైట్ గారికి,

ఈ నెలంతా వాన దంచి కొట్టింది. మా టమాటా మొక్కలు కుళ్లిపోయాయి. ఫోటో ఏదండీ?

ఓపికతో,
వెర్నా టెష్

జూలై 28

శ్రీమతి టెష్ గారికి,

శుభవార్త! వాన పడినప్పుడల్లా మా మెకానిక్ గస్ కెమెరా పట్టుకుని మీ ట్రైలర్‌లో కూర్చున్నాడు. ఒక్క చుక్క కూడా పడలేదు. మబ్బు పట్టగానే ఖాతాదారుల బండ్లన్నిటినీ షెడ్డులోకి తోసేయడం మా నియమం. షెడ్డు కొత్తగా కట్టించాం. మీ బండిని కంటికి రెప్పలా చూసుకుంటున్నాం.

మీ సేవలో,
డ్వైట్ లుండీన్

తా.క. కారడం లేదు కనుక బాగైపోయిందని రాసేసుకోమంటారా?

ఆగస్టు 4

డ్వైట్‌కి,

షెడ్డులో పెట్టి వాన కోసం ఎదురుచూశారా! మీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆర్వల్, "ఏమేవ్, వీళ్లు చేపలు పట్టడానికి స్నానాలగదికి వెళ్తారేమో కనుక్కో" అన్నాడు. బండిని బయట ఉంచండి. లేదా తోటకు నీళ్లు కొట్టే గొట్టం దాని మీదికి తిప్పండి.

ఇంకా కొంచెం మర్యాదతో,
వెర్నా టెష్

తా.క. నిన్న నేనే వచ్చి చూసుకున్నాను. షెడ్డులో నా ట్రైలర్ నెత్తిన ఆ ఎర్ర బకెట్ ఎందుకుంది?

ఆగస్టు 22

శ్రీమతి టెష్ గారికి,

గొట్టంతో నీళ్లు కొడితే దుర్వినియోగం, వారంటీ రద్దు. వానలో వదిలేస్తే నిర్లక్ష్యం, అప్పుడూ రద్దే. షెడ్డుకు మరమ్మతులు జరుగుతుంటే తప్ప బండ్లను బయట ఉంచరాదని కర్మాగారం వారి ఆదేశం. మా షెడ్డు సరికొత్తది. దానికి మరమ్మతుల ప్రసక్తే లేదు.

మీ సేవలో,
డ్వైట్ లుండీన్

తా.క. బకెట్ విషయంలో ప్రస్తుతానికి మేమేమీ చెప్పలేం.

సెప్టెంబరు 12

ఓ డ్వైటూ,

పెళ్లిరోజు ముంచుకొస్తోంది. ఆర్వల్ అటక మీది పాత గుడారం దింపాడు. "ఇదే నయమే, కారనని ఏనాడూ మాటివ్వలేదు" అంటూ వాకిట్లో వేసి, లోపలికి దూరి పడుకుని, లేవలేకపోయాడు. ఇద్దరు పొరుగువాళ్లు వచ్చి లాగాల్సి వచ్చింది. పైకి నవ్వాడు కానీ, తర్వాత ఆ గుడారాన్ని మడిచిన తీరు చూస్తే నా మనసు చివుక్కుమంది.

కాబట్టి వినండి. సరస్సుకి వెళ్లలేకపోతే పెళ్లిరోజు మీ షెడ్డులోనే, మా ట్రైలర్ ముందే చేసుకుంటాం. మడతకుర్చీలు, సాసేజీలు కాల్చే పొయ్యి, మా చుట్టపక్కాలు అందరం వస్తాం. కొత్త బండి చూడ్డానికొచ్చే ప్రతి మనిషినీ పిలిచి కూర్చోబెట్టి, వేడివేడి సాసేజీ పెట్టి, ఈ ఉత్తరాలన్నీ చదివి వినిపిస్తాను. నా గొంతు పెద్దది. స్కూలు బస్సు నడిపిన గొంతు.

మర్యాద నిండుకున్న,
వెర్నా

తా.క. ఇవాళ అటు వెళ్తూ చూశాను. బకెట్లు రెండయ్యాయి.

సెప్టెంబరు 18

వెర్నా గారికి,

ఇది టపాలో వేయడం లేదు, మీ తలుపు కింద తోసి వెళ్తున్నాను.

మా షెడ్డు కారుతోంది. కట్టిన మొదటి నెల నుంచీ కారుతోంది. సరిగ్గా ఆ చిల్లు కింద ఏ బండి పెట్టాలా అని ఆలోచించి, మీది ఎలాగూ కారేదే కదా అని మీదే పెట్టాం. పైన బకెట్ పెట్టాం. అందుకే లోపల చుక్క పడలేదు. క్షమించండి.

షెడ్డుకీ వారంటీ ఉంది. బాగుచేయమని కట్టినవాళ్లని అడిగితే, వాన పడుతుండగా, లోపల ఒక్క బండీ లేకుండా, చిల్లు ఫోటో తీసి పంపమన్నారు. వానొస్తే బండ్లు లోపలుండాలని కర్మాగారం, బయటుండాలని వీళ్లు. ఫోన్ చేస్తే పాట పెట్టారు. మా పాటే.

'చుక్క పడని షెడ్డు' అని పత్రికలో వేయించుకున్న మా యజమాని ఇన్నాళ్లూ చిల్లు సంగతి బయటికి పొక్కనివ్వలేదు. మీ సాసేజీల ఉత్తరం చదివాక ఆయన గొంతు తగ్గింది. 'షెడ్డు మరమ్మతు నిమిత్తం' అని రాసి ఇవాళే సంతకం పెట్టారు. బండ్లన్నీ బయటికి తోయిస్తున్నాం. మరమ్మతులప్పుడు బయట ఉంచొచ్చన్నది కర్మాగారం మాటే కనుక వాళ్లిక నోరెత్తలేరు.

రేపు తెల్లవారుజామున పెద్దవాన అంటున్నారు. గస్ కెమెరాతో మీ ట్రైలర్‌లో ఉంటాడు, నేను ఖాళీ షెడ్డులో ఉంటాను. మంచం ఎక్కడ తడుస్తుందో మీకే తెలుసు కనుక మీరొచ్చి చూపించాలి. రెండు కప్పులూ సక్రమంగా కారితే రెండు ఫోటోలూ పొద్దున్నే పంపిస్తాం. అనుమతి వచ్చిన మరుక్షణం గస్ మీ పైకప్పు విప్పుతాడు, మీరు పెళ్లిరోజుకి సరస్సు దగ్గరుంటారు. పొరపాటున ఎండ కాసిందా, ఇద్దరమూ మునిగినట్టే.

మీతో పాటు తడవబోతున్న,
డ్వైట్

తా.క. రేపు ఆర్వల్ గారిని కూడా తీసుకురండి, కాఫీ మేమిస్తాం. ఫోటో తీసేటప్పుడు మాత్రం ఆయన ముఖం కాస్త పక్కకు తిప్పుకోమనండి. గొడుగు తేవద్దు, కారే చోట తెరిచారంటే మళ్లీ మొదటికొస్తాం.