తప్పకుండా రావాలి

ఈనిడ్ వదినకు,

మీ చెల్లి చివరి రోజు ఎలా గడిచిందని అడిగారు. పొద్దున డాక్టరు, హెస్టర్ కోలుకుంటుందన్నారు. మధ్యాహ్నానికి ఆ మాట 'కోలుకోవచ్చు' అయింది. టీ వేళకు 'కోలుకున్నా కోలుకోవచ్చు' అయింది. పరాయి దేశాలవాళ్లకు ఇంగ్లీషు నేర్పిన మనిషి ఊరుకుంటుందా?

"మీ మాట ఇలా జారుతూ పోతే రాత్రికి నాకు వాక్యమే మిగలదు డాక్టరుగారూ. ఉన్నదున్నట్టు చెప్పి, ఓ బిస్కెట్టు తినండి" అంది.

ఆయన నవ్వి, చెప్పేశారు. చీకటి పడకముందే హెస్టర్ వెళ్లిపోయింది.

అంత్యక్రియల దగ్గర మీరు నా చెయ్యి పట్టుకుని, "నువ్వు తప్పకుండా మా ఇంటికి రావాలి" అన్నారు. మన ఇంగ్లీషువాళ్లు ఆ మాట అంటే రావద్దనే అర్థమని హెస్టర్ తన తరగతిలో ముందే హెచ్చరించేది. వినకుండా ఒక పోలండు ఆయన మా పక్కింటావిడ పిలుపు నమ్మి, ఆదివారం పూలగుత్తితో వాళ్ల గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ తలకు జుట్టు చుట్టుకునే రోలర్లతోనే తలుపు తీసింది.

అందుకే మీ మాట గురించి చాలా ఆలోచించాను. కానీ హెస్టర్ ఇంకోటి కూడా అనేది: "మా అక్క పిలిస్తే మాత్రం వెళ్లొచ్చు. దానికి మర్యాదలు రావు."

ఇక్కడ కెటిల్‌లో ఇంకా ఇద్దరికి సరిపడా నీళ్లు పోస్తున్నాను. రేపు పొద్దున మొదటి రైలెక్కి మీ ఇంటికి వస్తున్నాను.