మన ఇంటి ముందు ఎనిమిది సెకన్లు

ఫిబ్రవరి 17, సోమవారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ క్షేమం. నీ క్షేమం కూడా తెలిసేదే, నువ్వు ఫోన్ ఎత్తి ఉంటే. పదకొండు సార్లు చేశాను. అందుకే కాగితం మీద తిడుతున్నాను, దీన్ని మధ్యలో కట్ చెయ్యలేవు.

వచ్చే ఆదివారం బొమ్మల ప్రదర్శనకి నీ బస్సుని తీసుకురానని అది పెట్టేవాళ్ళకి చెప్పేశావట. ఇక జన్మలో ఇలాంటివి ముట్టుకోనని అమ్మతో అన్నావట. అరచేతిలో పట్టే బస్సు మీద ఇంత అలకేమిట్రా?

నిజం చెప్పనా? ఆ మాట వినగానే నాకు ముందు సంతోషం వేసింది. అవును, సంతోషమే. ఎనిమిది నెలలు కూర్చుని హాల్లో బల్ల మీద మన వీధిలోని ఇరవై మూడు ఇళ్ళనీ అట్టతో కట్టాను. పుస్తకాలు బైండు చేసే చెయ్యి కదా, ఎక్కడ మడిచానో తెలియకుండా మడిచాను. కిటికీలకి ట్రేసింగ్ కాగితం, దండేనికి దారం, మన ఇంటికి నీలం తలుపు, ఆ విరిగిన మెట్టుతో సహా. అందరూ బాగుంది బాగుంది అన్నారు. అప్పుడు దిగావు నువ్వు. రోడ్డు కింద ఇనుప తీగ పరిచావు, బస్సు ముందు చక్రాల దగ్గర అయస్కాంతం పెట్టావు. తీగ ఎటు తిరిగితే బస్సు అటు తిరిగింది. స్టాపు దగ్గర రోడ్డు కింద ఇంకో చిన్న అయస్కాంతం. దాని మీదికి రాగానే బస్సు కడుపులో స్విచ్ పడి, ఎనిమిది సెకన్లు ఆగి మళ్ళీ బయల్దేరింది. అంతే, ఆ రోజు నుంచి నా ఇళ్ళ వంక చూసిన నరమానవుడు లేడు! పక్కింటి పిన్నిగారైతే బస్సుకి అడ్డొస్తోందని నా రెండంతస్తుల మేడని చేత్తో ఎత్తి అవతల పెట్టింది.

ఇక నాన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు తోలిన మనిషి. స్టూలు వేసుకుని బల్ల ముందు కూర్చుంటే, మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కాలు నేల మీద బ్రేకు తొక్కుతుంది. చిన్నోడు చేశాడని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఇళ్ళెవరు కట్టారని అడిగితే మా పెద్దమ్మాయి అంటాడు, కళ్ళు బస్సు మీంచి తియ్యకుండానే. చిన్నప్పటి నుంచీ ఇంతే. నువ్వు తుమ్మితే ముద్దు, నేను దగ్గితే గోల. కడుపు మండదా మరి?

పోయిన గురువారం నుంచి ఆ బస్సు స్టాపు లేనిచోట, సరిగ్గా మన ఇంటి ముందు ఆగడం మొదలుపెట్టింది. ఒక్క స్టాపుకి సరిపడా ఎడంతో వెనక వచ్చే నీ బొమ్మ లారీ దాన్ని గుద్దుతోంది. నువ్వు స్విచ్ మార్చావు, బ్యాటరీ మార్చావు, ప్రోగ్రాం రెండుసార్లు తిరగరాశావు. రోడ్డు వేసింది నువ్వే గనక రోడ్డుని మాత్రం అనుమానించలేదు. చివరికి శనివారం, నీ చేతుల్లోనే పస లేదని నిన్ను నువ్వే తిట్టుకుంటూ బస్సుని బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయావు. గుమ్మం దాటుతుంటే నీ మొహం చూశాను. అప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు.

నిన్న నాన్న బస్సుని తనే నడిపించాడు. అది మన ఇంటి ముందు ఆగింది. ఆయన నవ్వాడు. మన వీధిలో బస్సు తోలే రోజుల్లో, స్టాపు మూల మీద ఉన్నా, రూలు పక్కన పెట్టి మన గుమ్మం ముందు కాస్త ఆపేవాడట. ఇంట్లోంచి ఎవరో పరుగెత్తుకొచ్చి నీళ్ళ సీసా అందించేవారట. అదంతా తలుచుకుని చిన్నోడు బస్సుని ఇక్కడ ఆపాడు చూడు, ఎంత మనసో వాడిది అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఒరేయ్, ఎవరో ఏమిటి ఎవరో! ఆ సీసా అందించింది నేను. నువ్వు అప్పటికి అమ్మ చంక దిగలేదు. చివరికి నా నీళ్ళ సీసా కూడా నీకే ఇచ్చేశాడు. నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. ఎందుకు మింగానో నాకే తెలుసు.

శనివారంలోగా రా. బస్సు బాగానే ఉంది. నీ చేతులూ బాగానే ఉన్నాయి. నాకెలా తెలుసని మాత్రం అడక్కు.

నీ కుళ్ళుబోతు
అక్క

తా.క. అడక్కుండా ఉండవు గనక, కవరు అంటించే ముందే చెప్పేస్తున్నాను. మన మెట్టు ముందు, రోడ్డు కాగితం కింద ఒక అయస్కాంతం ఉంది. బుధవారం నేనే పెట్టాను. సీసా సంగతి నాకు అప్పుడు గుర్తే లేదు. జనం ఎనిమిది సెకన్లయినా నా ఇంటి వంక చూస్తారని పెట్టాను. నువ్వు మూడు రోజులు కిందా మీదా పడుతుంటే నోరు మూసుకుని చూశాను. వచ్చి ఎంత తిట్టినా పడతాను.

ఇందాక బ్లేడు పట్టుకుని దాన్ని తీసెయ్యబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. పెట్టింది నేనేనని తనకి నిన్ననే తెలుసన్నాడు. చిన్నోడు అతికిస్తే జిగురు పక్కలకి కారుతుంది, ఇక్కడ తడిమినా అతుకు తగల్లేదు, ఇంత శుభ్రమైన పని ఈ ఇంట్లో ఒక్కరిదే అన్నాడు. మరి నిన్న చిన్నోణ్ణెందుకు మెచ్చుకున్నావని నేనడిగితే, నేనే నోరు విప్పుతానేమోనని చూశాడట. ఆ సీసా ఎవరిచ్చేవారో మర్చిపోతానా అన్నాడు.

బస్సు ఆగింది, మళ్ళీ వెళ్ళిపోయింది. నాన్న మాత్రం ఇంకా ఆ విరిగిన మెట్టునే చూస్తూ కూర్చున్నాడు. నువ్వొచ్చి లారీకి కూడా ఒక స్విచ్ పెట్టు. అయస్కాంతం మాత్రం తియ్యకురా.