చీటీ లేని సీసాలు

చాంపియన్ రీఫ్స్, 3-6-2024, సోమవారం.
ఈరోజు పనులు: రాగులు ఎండబోయడం, మామగారి మందులు తేవడం, సీసాలు కడగడం (రెండు వందల పన్నెండు).

ఆరోగ్య అధికారి రామచంద్రగారికి ఇసబెల్లా నమస్కారాలు.

కూల్‌డ్రింక్ సీసాకు రెండు రూపాయలు ఎక్కువ తీసుకొని, ఖాళీ సీసా తెస్తే వెనక్కి ఇచ్చే మీ పథకం చాలా మంచిది. నెల తిరక్కుండానే సీసాల అడ్డు పోయి, మా గని కార్మికుల లైను ఇళ్ళ ముందు మోరీలో నీళ్ళు పారుతున్నాయి. నలభై ఇళ్ళ సీసాలు నేనే పోగుచేసి, చీటీలు ఊడదీసి, సబ్బుతో కడిగి రాబర్ట్‌సన్‌పేట కౌంటరుకు తీసుకుపోయాను. అక్కడి మునిశామప్ప, "చీటీ లేంది చెల్లదమ్మా" అని తిప్పి పంపాడు. డబ్బు తెస్తానని ఇంటింటికీ మాట ఇచ్చాను. దయచేసి దారి చూపండి.

ఇట్లు,
ఇసబెల్లా

తా.క. "మా ఇంట్లో చెంబులు కూడా ఇంత తెల్లగా లేవు" అని కూడా అన్నాడు.

*

6-6-2024
ఇసబెల్లాగారికి,

మీ శ్రద్ధ చూసి ముచ్చటేసింది. కానీ డిపాజిట్ కట్టినట్టు రుజువు ఆ చీటీయే. ఇకమీదట సీసాలు కడగకండి.

భవదీయుడు,
రామచంద్ర

తా.క. ఆరోగ్య అధికారి కడగొద్దన్నాడని ఎవరికీ చెప్పకండి.

*

10-6-2024
రామచంద్రగారికి నమస్కారాలు.

మీ నియమం సబబే. మా మామగారు అమృతరాజు గనిలో టైమ్‌కీపరుగా చేశారు. "షాఫ్టు దిగేటోడు టోకెను తీసుకోవల్ల, పైకొచ్చి ఇయ్యవల్ల. టోకెను లేకుంటే మనిషి ఎదురుగా నిలబడినా లెక్కలో లేడమ్మా" అన్నారు. సీసా కూడా అంతే కదా.

అయితే చీటీలు నేను పారేయలేదు. ఏ ఇంటిదో, ఏ తేదీదో రాసి పుస్తకంలో అంటించాను. పుస్తకం పంపుతున్నాను.

ఇట్లు,
ఇసబెల్లా

తా.క. జిగురు కొనలేదు. మామగారు తాగగా మిగిలిన రాగి అంబలితో అంటించాను. కొంచెం బెల్లం ఉంటుంది.

*

17-6-2024
ఇసబెల్లాగారికి,

పుస్తకం అందింది. వెనకే చీమలూ అందాయి. నా బీరువాలో ఫైళ్ళన్నీ నాకంటే శ్రద్ధగా చూస్తున్నాయి.

పుస్తకానికి డబ్బిచ్చే నియమం లేదు కనుక తిప్పి పంపుతున్నాను. కౌంటరు రిజిస్టరులో మీ లైన్ల పేరున ఒక్క సీసా లేదు. అది చూపించి, శుక్రవారం మునిసిపల్ సభలో పథకం ఎత్తేయించాలని మీ వార్డు కౌన్సిలరు సొన్నప్పగారు పట్టుబట్టారు. ఇది నిలిస్తేనే, అంతటా చట్టం చేయమని ప్రభుత్వానికి తీర్మానం పంపగలం. నా రెండేళ్ళ పని. ఆ రోజే నేను కోలారులో ఉండాలి.

భవదీయుడు,
రామచంద్ర

తా.క. చీమల మీద ఫిర్యాదు కూడా నా బల్ల మీదికే వచ్చింది.

*

22-6-2024, శనివారం.
ఈరోజు పనులు: మామగారి గది తుడవడం, కౌంటరుకు పోయిరావడం, ఈ ఉత్తరం.

రామచంద్రగారికి నమస్కారాలు.

నిన్న పుస్తకం పట్టుకొని సభకు పోయాను. సొన్నప్పగారు లేచి, "రెండు రూపాయలకి సీసా మోసుకొచ్చేది ఎవురప్పా? లెక్కపెట్టేది ఎవురు?" అన్నారు.

నేను పద్నాలుగో పేజీ తీశాను. "అప్పా, పోయిన నెల మీ పాప నిశ్చితార్థం దినం మీ ఇంటి నుంచి ముప్పై ఒక్క సీసాలు వచ్చినాయి. చీటీలు పీకిన తప్పు నాది. ఇదో, అరవై రెండు రూపాయలు" అని నా ఇంటి డబ్బు చేతిలో పెట్టాను.

ఆయన డబ్బు ఎంచి చూసుకొని, "ముప్పై ఒకటి యాడిదమ్మా? ముప్పై రెండు. నేనే ఎంచి పంపించినాను. ఇంగా రెండు రూపాయలు రావల్ల" అన్నారు.

సభంతా నవ్వింది. కాసేపటికి ఆయనకూ నవ్వాగలేదు. పథకం ఉంచి, ప్రభుత్వానికి తీర్మానం పంపడానికి మొదట చెయ్యెత్తింది ఆయనే. పుస్తకంలోని చీటీలకు ఈ ఒక్కసారికి డబ్బివ్వమని కూడా ఒప్పుకున్నారు. మీ రెండేళ్ళ పని నిలిచింది సార్.

ఇట్లు,
ఇసబెల్లా

తా.క. ముప్పై రెండోది ఈ పొద్దున మామగారి మంచం కింద దొరికింది. కడగలేదు, చీటీ అట్లే ఉంది. కౌంటరులో ఇచ్చాను. మా లైన్ల పేరున రిజిస్టరులో మొదటి సీసా అదే. సొన్నప్పగారికి రెండు రూపాయలు ఇచ్చేశాను. బాకీ చెల్లు.