మీ కొలత చొక్కా

ఏమండీ,

మద్రాసు నుంచి కృష్ణానగర్ వచ్చాక కూడా మీరు సినిమాల్లో హీరోకీ, డూప్‌కీ ఒకే గుడ్డతో చొక్కాలు కుట్టేవారు. క్రిస్మస్‌కి మీకూ, అబ్బాయికీ అలాగే కుట్టేవారు.

మీరు పోయాక వచ్చిన ఈ మొదటి పండక్కి వాడే మీ మిషన్ ముందు కూర్చున్నాడు. ఏటా మీకు కత్తిరించి ఇచ్చిన అలవాటుకొద్దీ మీ కొలతకూ ఒకటి కత్తిరించేశాడు.

"ఎవరికిరా ఇది?" అన్నాను.

"చెయ్యి దానంతటదే పోయిందమ్మా," అన్నాడు. రెండూ కుట్టేశాడు.

పండగ పొద్దున వాడి చొక్కా భుజాల దగ్గర పట్టేసింది. నిరుటి కొలత మరి! మీది వేసుకున్నాడు. సరిగ్గా సరిపోయింది.

వాడు గుమ్మంలో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. మీకిష్టమని కొబ్బరి ఎక్కువ పెట్టిన కజ్జికాయలు పళ్లెంలో తెస్తూ, "ఏమండీ" అని పిలిచాను.

వాడు నవ్వలేదు. వచ్చి, పళ్లెం అందుకున్నాడు.