మాబున్ని మెచ్చిన పుస్తకం

కర్నూలు, కల్లూరు నుంచి

హుసేన్‌బీ అక్కకు, నీ చెల్లెలు మాబున్ని సలాములు చేసి రాసేది.

ఈడ మేమంతా ఒళ్ళు బాగానే ఉండాం. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లుండాది? జేజి అన్నం తింటాందా, ఇంకా టీలో బన్ను ముంచుకోనే పొద్దు గడుపుతాందా?

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేంది అంటావు. ఫోన్లో ఈ సంగతి ఎత్తితే నేను సగంలోనే పెట్టేస్తా, నువ్వు ఆడ భయపడతావు. అందుకే రాస్తాండా. నింపాదిగా చదువు. మాకేం కాలేదు, బాగుండాం.

మీ మరిది బండల పాలీషు ఫ్యాక్టరీకే పోతాండాడు. నాపరాళ్ళ గనిలో బావ ప్రాణం పోయినాక ‘ఇంక ఆ గుంతల్లోకి దిగను’ అని ఊరు ఇడిచిపెట్టి వచ్చినోడు, ఈడ గూడా ఆ రాళ్ళనే అరగదీస్తాండాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మల మీద గూడా దుమ్మే. చలి మొదలైంది, దగ్గు తగులుకుంది. ఆస్పత్రి మందు తాగుతాండాడులే. బోరు నీళ్ళు ఉప్పుగుంటాయి, పప్పు ఎంతసేపటికీ ఉడకదు. యాడ జూసినా కొత్త ఇండ్లు లేస్తాండాయి. పక్కింటోళ్ళ పేరు తెలుసుకునేలోపల వాళ్ళు ఖాళీ చేసి పోతాండారు. పలకరించే మనిషి లేదక్కా. అందుకే లైబ్రరీలో పని దొరికిన పొద్దు పండగ మాదిరి అనుకుంటి.

ప్రతి ఏడూ చివర్లో నువ్వేం చదవాల్నో నేను రాసి పంపిస్తా గదా. ఈ ఏడు మా లైబ్రరీ సారు గూడా అట్లాంటిదే మొదలుపెట్టినాడు. వాకిలి పక్కన బోర్డు పెట్టి, పని చేసేవాళ్ళు ఎవరికి నచ్చిన పుస్తకాలు వాళ్ళు పేరుతో సహా రాయల్లన్యాడు. మిగతావాళ్ళు ‘మాకెందుకు సార్’ అని తప్పించుకున్యారు. నేను మటుకు ఆశగా రాస్తి.

నీక్కూడా అవే చెప్తాండా. ఒకటి, శెనక్కాయలు పెరకను ఊరూరూ తిరిగే ఆడోళ్ళ నవల. దాంట్లో ఒకామె సత్రంలో పండుకోని, ఇంటికాడ పొయ్యి అలికినానో లేదో అని తలుచుకోని ఏడుస్తాది. ఆ పేజీకాడ నువ్వే గుర్తుకొస్తివి. రెండోది ఆస్పత్రిలో కాన్పులు చేసిన ఒక నర్సమ్మ తన బతుకును రాసుకున్న పుస్తకం. భయపెట్టదు, శానా నవ్విస్తాది. ఇంకోటి కరువులో ఎద్దుల్ని అమ్ముకోను సంతకు పోయే అన్నదమ్ముల కథ. అది మాత్రం ఒంటిగా ఉన్నప్పుడు చదవొద్దు.

లక్ష్మీదేవమ్మ అని ఒకామె ఉండాది, జాకెట్లు కుడతాది. నేను ఏ పుస్తకం చెప్తే అదే తీసుకపోతాది. “నువ్వు చెప్పినాక ఇంక నేను వెదకేదేంది?” అంటాది. ఈ ఊర్లో నాకున్న తోడు ఆయమ్మ ఒక్కతే అనుకో. ఒకరోజు ఆయమ్మ ఒక లావుపాటి పుస్తకం తెచ్చి నా టేబులు మీద కొట్టినట్టు పెట్టింది.

“ఏం మాబున్నీ, ఇది బాగుందని నువ్వే రాసినావా?”

“ఇదేంది, నేను చూడనే లేదే!”

“బోర్డు మీద నీ పేరు కింద మొట్టమొదట ఇదే ఉండాది గదా. కూలోళ్ళంతా తాగుబోతులని రాసినాడు దీంట్లో. మా ఇంటాయన గూడా కూలోడే తల్లీ.”

పరిగెత్తి చూస్తి. నిజమే. నా పుస్తకాల పైన వేరే చేతిరాతతో ఆ పుస్తకం పేరు. పుస్తకం ఎవరిదనుకున్యావు? బావ దిగిన గని సొంతదారు, మన ఆసామిది. ఎవరితోనో రాయించుకున్న ఆయప్ప జీవితకథ. ఆయప్పిప్పుడు కర్నూల్లో పెద్దమనిషి. మా లైబ్రరీకి బీరువాలు, ఫ్యాన్లు ఇచ్చింది గూడా ఆయప్పే.

లక్ష్మీదేవమ్మ మడిచిన పేజీ తీస్తి. ‘ఎంత చెప్పినా వినక, తాగి గనిలోకి దిగిన ఒక కూలీ మట్టిపెళ్ళల కింద పడి మరణించాడు. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు’ అని ఉండాది. ఊరు పేరు మనదే. దాంట్లో ఏసిన సంవత్సరం గూడా బావ పోయిన వానల ఏడే. అక్కా, అది బావే.

టీ తప్ప ఇంకొకటి ఎరగని మనిషి. ఆ పొద్దు సద్ది కట్టుకోని పోతా, ‘గుంతలో నీళ్ళూరతాండాయి, ఈ పొద్దు దిగొద్దంటే మేస్త్రీ ఇనడంలేదు’ అని నీతోనే గదా అనిపోయింది. పుస్తకం పట్టుకోని సారు కాడికి పోతి.

“సార్, ఇది నా పేరు కింద ఎవరు రాసినారు?”

“నేనే రాయించినాలేమ్మా. దాతలు గదా, వాళ్ళను గూడా చూసుకోవల్ల.”

“ఈ పేజీలో చచ్చిపోయినాయన మా బావ సార్. ఆయన తాగడు.”

సారు ఆ పేజీ చదివి, “పేరు లేదు గదమ్మా దాంట్లో. ఎవరికి తెలుస్తాది?” అన్యాడు.

చెడ్డోడు కాదక్కా సారు. నాకు పని ఇచ్చింది ఆయనే. ఆ మాట ఆయన నోట్లోనుంచి వచ్చేసరికి నాకు ఏడుపు గూడా రాలేదు. బోర్డు మీద ఆ పుస్తకం పేరు తుడిపేస్తి. తెల్లారి చూస్తే మళ్ళా రాసుండాది.

ఆ ఆదివారం ఆసామికి సన్మానం. పుస్తకం మెచ్చుకున్న లైబ్రరీ అమ్మాయి నాలుగు మాటలు మాట్లాడతాదని పిలిచినారు. పోవద్దనుకుంటి. మీ మరిది, “పో. చెప్పేది చెప్పు. పని పోతే పోనీ” అన్యాడు. పోతి.

మైకు పట్టుకుంటి. “నేను ఈ పుస్తకం మెచ్చుకోలేదు. తాగి పడినాడని దీంట్లో రాసిన మనిషి పేరు ఖాసీం. మా అక్క మొగుడు. ఆయన తాగడు. గుంతలో నీళ్ళూరతాండాయని చెప్పినా దింపినారు” అంటి.

ఆసామి కోప్పడింటే బాగుండునక్కా. ఆయప్ప లేచొచ్చి నా తల మీద చెయ్యి పెట్టినాడు. “తల్లీ, రాసిచ్చినోడు ఏదో రాసినాడు. మళ్ళా అచ్చేసేటప్పుడు మార్పిద్దాం. ఖాసీం నా బిడ్డ మాదిరి” అన్యాడు. హాలంతా సప్పట్లు! ఎంత దొడ్డ మనసని ఎనకాల ఎవరో అంటాండారు. నీళ్ళ మాట ఒక్కరూ అడగలేదు. ఆ సప్పట్లలో మైకు నా చేతిలోంచి ఎప్పుడు తీసుకున్యారో నాకే తెలీదు. నేను నోరు తెరిచి, ఆయప్పకు ఇంకో దండ ఏయించినట్టయింది.

పని పోలేదులే, దిగులు పడొద్దు. బీరువాల తాళాలు మాత్రం తీసుకోని నన్ను పేపర్లు సర్దే గదిలో కూర్చోబెట్టినారు. బోర్డు తీసేసినారు. లక్ష్మీదేవమ్మ వచ్చి పలకరిస్తాది గానీ, ఏం చదవమంటావని ఇప్పుడు అడగదు. నాకు గూడా చెప్పబుద్ధి కాదు.

నీకు చెప్పిన పుస్తకాలు మీ మరిది ఫ్యాక్టరీ లారీ మైదుకూరు మీదుగా పోయేటప్పుడు డ్రైవరుతో పంపిస్తా. లారీ తిరిగొచ్చేటప్పుడు రవ్వంత ఉలవలు, కొర్రలు పంపించు. ఈడివి రుచి లేవు.

ఇంక అసలు సంగతి. ఆసామి మనుషులు నీకాడికి వస్తారు. ఊరు, ఇల్లు నేను చెప్పలేదు, సారు చెప్పినాడు. బావ ఫోటో అడుగుతారు, మళ్ళా అచ్చేసే పుస్తకంలో ఏస్తారంట. కింద నమ్మకస్తుడైన పనివాడని రాస్తారు. పక్క పేజీలో ఆయప్ప దండలేసుకోని నిలబడింటాడు. తాగుబోతు అనే మాట పోతాది, అది నిజమే. బిడ్డలు రేపు చదివితే ఆ మాట లేకుండా ఉంటాది, అదీ నిజమే. నాకు మాత్రం ఇయ్యబుద్ధి కాదు. అయినా నీ మొగుడు, నీ మాట. నువ్వు ఇస్తే తప్పని అననక్కా. ఇయ్యకపోతే మాత్రం వాళ్ళ ముందర తలుపు మెల్లగా ఏయొద్దు.

జేజికి, పెద్దోళ్ళందరికీ నా సలాములు చెప్పు. బిడ్డలకు నా ముద్దులు. మా కోసం దువా చెయ్యి.

నీ చెల్లెలు,
మాబున్ని